లేని పిల్లి

మా ఇంట్లో వాసన సబ్బు ఉండేది కాదు. బట్టల పౌడరు వాసన లేనిది, తలనూనె వాసన లేనిది, మొహానికి రాసుకునే పౌడరైతే అసలు గడపే తొక్కేది కాదు. పక్కవాటాలో ఉల్లిపాయలు వేయిస్తుంటే మా కిటికీలు టపటపా మూసుకునేవి. ఇదంతా నా ముక్కు కోసం. నేను ఆహారపు వాసనల మీద పనిచేసే కెమిస్టును. పండులోంచి వాసనను బయటికి లాగి, అందులో ఏయే అణువులున్నాయో తేల్చి, వాటిని ఫ్లాస్కులో విడిగా తయారుచేసి, పండు లేకుండా పండు వాసన పుట్టించడం నా ఉద్యోగం. పాటగాళ్ళు గొంతును చూసుకున్నట్టు నేను ముక్కును చూసుకునేదాన్ని. మా ఆయనా, మా అమ్మాయీ దానికి కాపలా కాసేవారు. పనిచేసేచోట నా వెనక నన్ను ‘ముక్కు మేడం’ అంటారని నాకు తెలుసు. నా ఎదుటే అన్నా ఏమీ అనుకునేదాన్ని కాదు, లోపల గర్వంగానే ఉండేది.

ఆ గర్వం ఒక్క జామపండ్ల కాలంలో మంటగలిసింది.

జామ మీద నేను పదేళ్ళకు పైగా తల బద్దలు కొట్టుకున్నాను. అరటిది లొంగే వాసన; ఎస్టరని తియ్యటి వాసనుండే రసాయనం, అదొక్కటి సీసా మూత తీస్తే చంటిపిల్లలు కూడా అరటిపండంటారు. అనాస కాసేపు మొండికేసినా చివరికి దారికొస్తుంది. జామ ఉంది చూశారూ, అది ఒట్టి మాయలాడి. కోసిన క్షణాన గుప్పుమంటుంది, సీసాకు మూత బిగించేలోపు సగం జారిపోతుంది. మిగతా సగాన్ని యంత్రంలోకి ఎక్కిస్తే లోపలి అణువులు ఒక్కొక్కటే వరసగా బయటికొస్తూ కాగితం మీద గుట్టలు గుట్టలుగా గీత గీస్తాయి. ఆ గుట్టలన్నిటికీ పేర్లు పట్టుకుని, అవే సరుకులు అవే పాళ్ళలో కలిపితే జామ రావాలా వద్దా? రాదు. జామ బొమ్మ వేసిన సబ్బు వస్తుంది. పైగా మంచి పండు దొరికేది ఏడాదిలో కొద్ది వారాలే. ఆ వారాల్లో తేలకపోతే మళ్ళీ ఏడు దాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.

ఆ ఏడు అలా కూర్చునే వీలు కూడా లేకుండా పోయింది. మొదటి బుట్ట పండ్లు వచ్చిన రోజునే డైరెక్టరు పిలిపించారు. ఆయన ముక్కుపొడి పీలుస్తారు. ముక్కుపొడి పీల్చే మనిషిని తెచ్చి వాసనల మీద పెత్తనం ఇచ్చిన మహానుభావుడెవరో గాని, అతగాడికి దూరం నుంచే దణ్ణం.

“కూల్‌డ్రింకుల కంపెనీ ఒకటి జామ వాసన అడుగుతోంది మేడం,” అన్నారు చిటికెడు పొడి వేళ్ళమధ్య నలుపుతూ. “ఈ కాలం అయ్యేలోపు వాళ్ళముందు పెట్టాలి. నచ్చిందా, మీ విభాగం నిలబడుతుంది. పైవాళ్ళు కూడా అదే అన్నారు.”

“నచ్చకపోతే?”

“నీళ్ళ పరీక్షల గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.”

నాకు ఒళ్ళు మండింది. “అలాగైతే వాసన చూసే నా మనుషుల్ని నాకు తిరిగివ్వండి. పోయిన ఏడు పొదుపని చెప్పి అందర్నీ తలా ఒక గదికి పంపేశారు. ఒక్కదాన్నే తయారుచేసి, ఒక్కదాన్నే వాసన చూసుకుని, ఒక్కదాన్నే బాగుందనుకుంటే ఎలాగండీ?”

“మీ అంతటి ముక్కుండగా ఇంకో ముక్కెందుకు మేడం?” అన్నారాయన.

పొగిడి నోరు మూయించడం అంటే అదే. నేను నోరు మూసుకుని వచ్చేశాను. ఎందుకంటే, నిజం చెప్పాలంటే, ఇంకో ముక్కు నాకు లేకపోలేదు. ఇంట్లో ఉంది.

మా ఆయన ఫొటోగ్రాఫరు. వీధి మలుపులో చిన్న స్టూడియో, ఎక్కువగా పాస్‌పోర్టు ఫొటోలు. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ మొహాలు చూడ్డమే పని. గడ్డం కొంచెం పైకి, మొహం కొంచెం ఇటు తిప్పండి, ఆ, అలాగే ఉండండి. సాయంత్రం షట్టరు దించి ఇంటికొచ్చాక వంటింటి బల్ల దగ్గర మా ఇద్దరికీ ఒక పని ఉండేది. సంచిలోంచి నేను రెండు కాగితప్పట్టీలు తీసేదాన్ని. ఒకటి నిజం పండు సారంలో ముంచింది, రెండోది నా సొంత వంటకంలో ముంచింది. ముందు నేను చూసి ఆయనకిచ్చేదాన్ని. ఆయన ఒకటి చూసి, రెండోది చూసి, కాస్త ఆలోచించి చెప్పేవారు.

“అటు చీకట్లో కూర్చుంటావేం? ఇటు రా, దీపం కిందికి,” అనేవారు ముందుగా. ఫొటోలు తీసే మనిషి, వెలుతురు పిచ్చి అనుకునేదాన్ని.

వాసనలు పరీక్షించేవాళ్ళు చెయ్యకూడని పని ఇది. జవాబు తెలిసినవాళ్ళు ఎదురుగా కూర్చోకూడదని కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే నేర్పుతాం. కాని ఇల్లు లాబొరేటరీ కాదు కదా. పైగా ఆయన జవాబు ఎప్పుడు చూసినా నా జవాబే. నాకు తేడాగా అనిపించింది ఆయనకీ తేడాగానే అనిపించేది. నాకు నచ్చింది ఆయనకీ నచ్చేది. దేవుడు రెండు మొహాలకి ఒకే ముక్కు అతికించాడని నేను మురిసిపోయేదాన్ని. ఆయనతో ఒక్క విషయంలోనే పేచీ. సాయంత్రం వంట ఆయనదే, అందులో కారం ఏటికేడూ పెరుగుతోంది.

“నోరు మండిపోతోందండీ, ఇదేం కారం?”

“తిన్నట్టుండాలి కదా,” అనేవారు.

*

జామ గుట్టల్లో ఒక పిల్ల గుట్ట ఉంది. పక్కనున్న కొండల మధ్య అది యంత్రం తుమ్మినట్టు కనిపిస్తుంది. చాలా ఏళ్ళు దాన్ని మురికనే అనుకున్నాను. ఆ ఏడు పట్టుబట్టి చూస్తే అది గంధకం ఉన్న అణువు. ఇలాంటివాటి సంగతి కెమిస్టులకు తెలుసు: చెరువంత నీళ్ళలో ఒక చుక్క పడితే చాలు, మొత్తం వాసనే మారిపోతుంది. నా జామకు తక్కువైంది ఇదేనన్నమాట! ఆ రోజు బస్సులో నాకు నేనే నవ్వుకుంటుంటే పక్క సీటావిడ జరిగి కూర్చుంది.

దాన్ని తయారుచెయ్యడం మాత్రం చావుకొచ్చింది. మొదటిసారి ఫ్లాస్కు పగిలింది. రెండోసారి స్వేదనం మధ్యలో కరెంటు పోయి సరుకంతా తారైపోయింది. పంపాల్సిన ద్రావణం స్టోరువాళ్ళు పంపరు, అడిగితే ఫారం తప్పంటారు. అవతల గంపల్లో పండ్లు మగ్గిపోతున్నాయి. చివరికి వేలిగోరంత సీసాలో నీళ్ళలాంటి నూనె కాస్త మిగిలింది. యంత్రంలో పెడితే గుట్ట సరిగ్గా దాని చోటనే లేచింది. పల్చగా కలిపి, పట్టీని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఏమీ లేదు. తెల్లకాగితం వాసన.

యంత్రం ఉందంటుంది, ముక్కు లేదంటుంది. ఎవర్ని నమ్మాలి? సాయంత్రం మా ఆయన ముందు పెట్టాను. ఆయన వాసన చూశారు, నన్ను చూశారు.

“ఏం రావట్లేదు,” అన్నారు.

“ఏమీనా?”

“ఊహూ.”

అయితే మోతాదు చాలలేదు. మర్నాడు రెట్టింపు చేశాను. నాకు రాలేదు, ఆయనకీ రాలేదు. ఆ మర్నాడు ఇంకో రెట్టింపు. నాకు చిరాకు తలకెక్కింది. ఇంత గొప్ప అణువును పట్టుకుని, ఇంత కష్టపడి చేసి, తీరా చూస్తే గోడకు చెప్పుకున్నట్టుంది.

ఆ చిరాకుకు తోడు పిల్లి గొడవ ఒకటి.

మా భవనంలోకి పిల్లి వచ్చిందని ఎవరన్నారో గాని అందరూ అదే పాట. మెట్లమీద పిల్లి, నడవాలో పిల్లి, లిఫ్టులో పిల్లి. కనబడ్డది ఎవరికీ లేదు, కంపు మాత్రం భరించలేకపోతున్నామంటారు. డైరెక్టరు సర్క్యులరు కూడా తీశారు: సిబ్బంది భోజనం మిగుళ్ళు ఆవరణలో పారేసి పిల్లులను అలవాటు చేయరాదు. కింద సంతకం పెట్టమని నా బల్లమీదికీ పంపారు. పెట్టాను. వాచ్‌మన్ ఒక పాత బోనులో పాలగిన్నె పెట్టి నా గది గుమ్మం దగ్గరే కాపలా మొదలుపెట్టాడు.

“ఇక్కడే ఎందుకయ్యా?” అన్నాను గిన్నె దాటలేక.

“ఇక్కడే ఎక్కువ తిరుగుతోంది మేడం. మీ తలుపు తీస్తే చాలు, గుప్పుమంటోంది.”

“గాలి కూడా చొరబడని గదిరా బాబూ నాది. పిల్లెలా వస్తుంది?”

“పిల్లికి దారులుంటాయి మేడం,” అన్నాడు వాడు, వేదాంతిలా.

నాకేం వాసన రాలేదు. పని చెయ్యనివాళ్ళకి పిల్లులే కనిపిస్తాయి అనుకున్నాను. ఇంటి దగ్గర మేడమీది ఆవిడ కూడా ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, “మీ వాటాలోకి పిల్లి గాని దూరిందేమో చూసుకోండమ్మా,” అంది. మా ఆయన్ని అడిగితే మంచాల కిందా బీరువా వెనకా టార్చి వేసి వెతికారు పాపం. “పిల్లీ లేదు, గిల్లీ లేదు,” అన్నారు.

పండ్ల రాక తగ్గుతున్న రోజుల్లో మోతాదు ఇంకా పెంచి, ఈసారి మిగతా ఎస్టర్లన్నీ కూడా కలిపాను. పట్టీ ముక్కు దగ్గర పెట్టుకోగానే ఎస్టర్ల తీపి తగిలింది. దాని వెనక ఏదో కదిలినట్టనిపించింది. కదలాలని నేను అంతగా కోరుకున్నాను మరి. ఆయన కేసి చూశాను.

“ఆ!” అన్నారు పట్టీని ఇంకా సరిగ్గా ముక్కు దాకా తీసుకెళ్ళకుండానే. “ఇదీ! ఇప్పుడే పండు కోసినట్టుంది.”

నేను లేచి ఆయన భుజాల మీద చేతులు వేసి ఊపేశాను. ఆ రాత్రి కూరలో కారం కూడా తియ్యగానే ఉంది.

*

కంపెనీవాళ్ళ గది తెల్లగా, చల్లగా, ఆసుపత్రిలా ఉంది. పొడుగాటి బల్ల, దాని చుట్టూ రుచి చూసేవాళ్ళు, ఒక్కొక్కరి ముందూ మూతపెట్టిన చిన్న కప్పు. నేనూ డైరెక్టరూ గోడవారగా కూర్చున్నాం. ఆయన జేబులోంచి పొడి డబ్బా తీయబోతే మోచేత్తో పొడిచాను.

“మూతలు తియ్యండి,” అంది వాళ్ళ పెద్దావిడ.

మూతలు తీశారు. ఒకాయన కప్పును చప్పున బల్లమీద పెట్టేశాడు. ఒకమ్మాయి దగ్గింది. మూలన కూర్చున్నాయన మూత మళ్ళీ పెట్టేసి కిటికీ వైపు చూశాడు. అందరికంటే మర్యాదస్థుడెవరో ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగలేక, కక్కలేక, కళ్ళనీళ్ళతో కూర్చున్నాడు. పెద్దావిడ తన కప్పు వాసన చూసి నావైపు తిరిగింది.

“మేడం, తప్పుగా అనుకోకండి. మీ దగ్గర పిల్లులున్నాయా?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఇక్కడా పిల్లేనా! ఎక్కడికెళ్ళినా పిల్లి పిల్లి అంటారేమిటండీ? మా భవనంలో పిల్లి లేదు!”

“భవనం సంగతి కాదు మేడం,” అందావిడ నెమ్మదిగా. “కప్పులో. ఇది పిల్లి ఉచ్చ వాసన.”

నా కప్పు నేను చూసుకున్నాను. తియ్యటి పండు. అంతే. ఇంకోసారి చూశాను. వాచ్‌మనూ, వాడి పాలగిన్నే, మేడమీది ఆవిడా, నేను సంతకం పెట్టిన సర్క్యులరూ అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. కొందరికి కొన్ని వాసనలు పుట్టుకతోనే అందవు. రంగులు కొన్ని కనిపించనివాళ్ళు ఉంటారే, అలాగ. దాని మీద నేను పాఠాలు కూడా చెప్పాను. నాకు అందని వాసన ఇదన్నమాట. పిల్లిని చంకలో పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు ఆ సీసాను ఊరంతా మోసుకు తిరిగింది నేనే.

తిరిగొచ్చి కారు దిగేముందు డైరెక్టరు, “నాకు బాగానే అనిపించింది,” అన్నారు. ఆ ఓదార్పుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

*

ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మాయి హాస్టలు నుంచి సెలవులకు వచ్చి ఉంది. కిటికీలన్నీ బార్లా తెరిచి, చున్నీ ముక్కుకు కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

“అమ్మా, ఏంటిది? ఇల్లంతా పిల్లి కంపు! నాన్న ఏమో లేదు లేదంటున్నారు. ఛీ, నీ సంచిలోంచే వస్తోంది!”

“తెలుసు. దాన్ని బాల్కనీలో పెట్టు,” అని కుర్చీలో కూలబడ్డాను.

మా ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నా మొహం చూసి ఏమీ అడగలేదు.

“నాన్నా, నిజంగా మీకు కొట్టట్లేదా?” అంది అది వదలకుండా. “ఇంత కంపులో ఇన్నాళ్ళు ఎలా ఉన్నారు?”

“అలవాటైపోయిందిలే,” అన్నారాయన.

గ్లాసు నా చేతిలోనే ఆగిపోయింది. నాకు అందదు, సరే. మరి ఈయనకు? ‘ఏం రావట్లేదు,’ అన్నారు. ‘ఇంకా రావట్లేదు,’ అన్నారు. తర్వాత ‘ఇప్పుడే పండు కోసినట్టుంది,’ అన్నారు. ఒకే వాసన ఇద్దరికీ అందకపోవడం లోకంలో జరగరాని విషయమేం కాదు. కాని నేను కెమిస్టును. రెండో పరీక్ష చెయ్యకుండా ఊరుకోలేను.

లేచి వంటింట్లోకి వెళ్ళి రెండు పట్టీలు తీసుకున్నాను. ఒకదాన్ని మంచినీళ్ళలో ముంచాను. రెండోదాన్ని వెనిల్లాలో ముంచాను, నీళ్ళు కలపని చిక్కటి వెనిల్లా, పక్కవీధికి కూడా తెలిసేంత. రెండూ ఆయన చేతికిచ్చి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, వెళ్ళి గిన్నెల పలక వైపు తిరిగి నిలబడ్డాను.

“ఎడమచేతిదేమిటో, కుడిచేతిదేమిటో చెప్పండి.”

వెనక కాగితం కదిలిన చప్పుడు. మళ్ళీ కదిలిన చప్పుడు. కుళాయి చుక్కలు రాలుతున్నాయి.

“ఒకసారి ఇటు తిరుగు,” అన్నారాయన.

“తిరగను. చెప్పండి.”

“కుడిది... కుడిది బాగుంది కదూ?”

“నన్నడుగుతారేం? మీరు చెప్పండి.”

ఆయన స్టూడియోలో పసిపిల్లల్ని బుజ్జగించే గొంతుతో అన్నారు: “మొహం కొంచెం ఇటు తిప్పు.”

నేను తిప్పలేదు. గుమ్మం దగ్గర మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కిటికీ అద్దంలో కనిపించింది.

“ఏదీ రావట్లేదు,” అన్నారు చివరికి. “రెండూ కాగితాల్లాగే ఉన్నాయి.”

కొన్నేళ్ళ కిందట స్టూడియోలో లైటు స్టాండు మీదపడి ఆయన తల వెనక దెబ్బ తగిలింది. నాలుగు కుట్లు వేశారు, మానిపోయింది, మేం మర్చిపోయాం. అప్పటినుంచీ వాసనలు లేవట. వస్తాయేమోనని చూశారట. రాలేదట. పువ్వు లేదు, పొగ లేదు, కూరలో కారం తప్ప ఏదీ లేదట. నేను దీపం కింద కూర్చుని పట్టీ వాసన చూసేటప్పుడు నా కనుబొమలూ, నా పెదవులూ చూసి జవాబు చెప్పేవారట. ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా తప్పలేదు మహానుభావుడు. నా ముక్కును నేను అద్దంలో చూసుకుని, ఆహా, ఇంకో ముక్కు కూడా ఒప్పుకుందని మురిసిపోయాను.

“చెప్పొచ్చు కదండీ!” అరిచాను. గొంతు ఎప్పుడు లేచిందో నాకే తెలియలేదు. “ఒక్క మాట! నాకు తెలియదు అనుంటే చాలు. నా పదేళ్ళ పని పిల్లి పాలైంది! మీరు రాలేదంటే పెంచాను, రాలేదంటే మళ్ళీ పెంచాను. ఆ గదిలో అందరూ ముక్కులు మూసుకుంటుంటే నేను వెర్రిమొహం వేసుకుని కూర్చున్నాను!”

“చెబుదామనే అనుకున్నాను,” అన్నారు తల వంచుకుని. “కుట్లు విప్పించుకుని వచ్చిన రోజు నువ్వేదో కొత్తది తెచ్చి ముందు పెట్టావు. పొద్దుట వెళ్తే దీపాలవేళకొస్తావు. వచ్చినా బుర్రంతా అక్కడే. రోజు మొత్తంలో నువ్వు నాతో కూర్చునేది ఆ పట్టీల వేళే. అది కూడా పోతుందేమోననిపించింది.”

అది నిజమే అయినందుకు ఇంకా కోపమొచ్చింది.

*

తర్వాతి రోజులు మా ఇంట్లో పొయ్యిమీద పెట్టిన పాలలా గడిచాయి. ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడాను. గోడవైపు తిరిగి అన్నం తిన్నాను. నా మొహం ఆయనకు ఒక్క ముక్క కూడా చదువుకోనివ్వకూడదని పంతం. కారం తగ్గించి వంట నేనే మొదలుపెట్టాను. అది ఆయనకు గడ్డిలాగే ఉండి ఉంటుంది, కిమ్మనకుండా తిన్నారు.

పగలు మాత్రం మా అమ్మాయిని వెంటబెట్టుకుని లాబొరేటరీకి వెళ్ళాను. ఆ అణువును పల్చబరిచి, ఇంకా పల్చబరిచి, వరసగా సీసాలు పెట్టాను. మా అమ్మాయి ఒక్కొక్క పట్టీ తీసుకుంది.

“ఛీ.” ఇంకోటి. “ఛీ ఛీ.” ఇంకోటి. “పిల్లే, కాస్త చిన్న పిల్లి.” ఇంకోటి చూసి తల అడ్డంగా ఊపింది. బల్ల చివరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుంది. పట్టీని మళ్ళీ దగ్గరికి తీసుకుంది.

“అమ్మా,” అంది. “ఇది పండే. ఎవరో పక్కనే కోస్తున్నట్టుంది. నువ్వే చూడు!”

చూశాను. తియ్యటి ఎస్టర్లు, అంతే. కూతురు కళ్ళు మూసుకుని నా పదేళ్ళ కష్టాన్ని ఆస్వాదిస్తుంటే నేను ఎదురుగా నిలబడి దాని మొహం చూస్తున్నాను. పండు ఎంత బాగుందో దాని మొహంలో నాకు తెలిసింది. ఆ తెలియడం ఎలాంటిదో అప్పుడు అర్థమైంది, కాని ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఆ సీసా పట్టుకుని డైరెక్టరు గదికి పరిగెత్తాను.

“వచ్చిందండీ. ఈసారి నిజంగా వచ్చింది. మోతాదే తప్పు. కంపెనీవాళ్ళని ఒక్కసారి పిలిపించండి.”

“వాళ్ళు వేరేచోట కొనుక్కున్నారు మేడం. అదీ అంత బాగాలేదట, కాని పిల్లి లేదట.”

“ఒక్కసారి మీరైనా చూడండి!” పట్టీ ఆయన ముక్కు కింద పెట్టాను.

ఆయన శ్రద్ధగానే పీల్చారు. ఎడమ ముక్కుతో, కుడి ముక్కుతో. “ఏం రావట్లేదే,” అన్నారు, డబ్బా మూత తీస్తూ.

నీళ్ళ పరీక్షల గదికి పొమ్మని కాగితం ఆ వారమే వచ్చింది. అక్కడ నా ముక్కుతో పనిలేదు. నీళ్ళకు వాసన ఉండకూడదు, అంతే. నా యంత్రానికి గుడ్డ కప్పారు. వాచ్‌మన్ బోను ఎత్తేస్తూ, “పిల్లి పోయింది మేడం, కంపు తగ్గింది,” అన్నాడు సంతోషంగా. వాడికి ఏం చెప్పను?

సెలవులు అయిపోయి వెళ్ళేముందు మా అమ్మాయి బజారు నుంచి వాసన సబ్బు తెచ్చి స్నానాలగదిలో పెట్టింది. “ఇంక దేనికమ్మా దాచుకోవడం,” అంది. కాదనలేకపోయాను. ఇన్నేళ్ళ తర్వాత మా ఇంట్లో మొదటి వాసన అది. నాకు తలనొప్పి వచ్చింది. ఆయన ఒక్కరే దానితో ఏ గొడవా లేకుండా స్నానం చేసి వచ్చారు.

“ఇన్నేళ్ళూ వాసన సబ్బు లేకుండా ఎలా ఉన్నారు నాన్నా?” అని అది అడిగితే, “నాకేం తేడా పడలేదమ్మా,” అన్నారు. అది పకపకా నవ్వింది. నేను గిన్నెల పలక వైపు తిరిగే ఉన్నాను గనక నా నవ్వు ఎవరికీ కనపడలేదు.

అది వెళ్ళిపోయిన తర్వాతి ఆదివారం బుట్ట అడుగున రెండే పండ్లు మిగిలాయి. ఆ కాలానికి అవే ఆఖరివి. ఆయన బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్నారు. పట్టీలూ, సీసాలూ ఏమీ లేని బల్ల వెడల్పుగా, బోసిగా ఉంది. ఒక పండు తీసి కడిగి, గోడవైపు తిరిగి కత్తి పెట్టాను. సగం కోసి ఆగిపోయాను. ఎవరి మీద ఈ పంతం? విభాగం పోయింది, పండ్లు అయిపోయాయి, ఇంకెవరి దగ్గర దాచుకోవాలి ఈ మొహాన్ని?

కత్తీ పండూ తెచ్చుకుని దీపం కింద ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. పగలే, దీపం వెలగడం లేదు. మిగతాది కూడా కోసి, ఒక సగం ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆయన పేపరు మీదుగా ఒక్కసారి చూశారు.

“పులిసింది,” అన్నారు.

నిజమే, పులిసింది.

“ఇంకోటి కొయ్యి,” అన్నారు పేపరు మడిచి పక్కన పెడుతూ.